చేతిసంచిలో రెగ్యులేటర్

"ఇదేమిటమ్మా?" అంటూ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఆవిడ నా రెగ్యులేటర్‌ను పైకెత్తి పట్టుకున్నారు. నల్లటి గొట్టాలు నాలుగూ ఆమె చేతిలోంచి వేలాడుతున్నాయి.

"నీళ్ల అడుగున దీంతోనే ఊపిరి తీసుకుంటామండీ" అన్నాను. నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క మీద నా పంటిగాట్లు చూశారామె. మళ్లీ రెండు చేతులతో, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, సంచిలో పెట్టారు. ఆ జాగ్రత్తకు నాకు ఎంత సంతోషం వేసిందో!

పోర్ట్‌బ్లెయిర్ నుంచి చెన్నైకి ప్రయాణం. చివరిసారి సముద్రం అడుగుకు దిగిన (డైవ్ చేసిన) తర్వాత కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి కాబట్టి నిన్నంతా ఒడ్డునే ఉన్నాను. మూత బిగించి ఈ రెగ్యులేటర్‌ను మంచినీళ్లలో నానబెట్టాను, నీడలో ఆరబెట్టాను. ఉప్పు మిగిలితే లోపలి భాగాలు పాడవుతాయి.

ఈదడానికి పాదాలకు తొడుక్కునే ఫిన్స్, కత్తి పెద్ద పెట్టెలోకి వెళ్లాయి. మాస్క్‌ను వెట్‌సూట్ (నీళ్లలో వేసుకునే బిగుతు దుస్తులు) మడతల్లో చుట్టాను. టార్చి విడి బ్యాటరీలు మాత్రం నా దగ్గరే, లిథియంవి కదా, పెట్టెలో వేయకూడదు.

పెట్టె పోతే ఫిన్స్ మళ్లీ కొనుక్కోవచ్చు. 18 మీటర్ల లోతున నాకు గాలి అందించింది ఇది. పైన అరలో పెట్టమన్నారు గానీ మనసు ఒప్పలేదు. ముందు సీటు కింద, నా పాదాలకు తగిలేలా పెట్టుకున్నాను.