ధ్యానం మధ్యలో తిండి, నిద్రల మాట

మనసు కుదురుగా ఉండటం లేదని, ఊరికే టెన్షన్ వస్తోందని భగవద్గీత తెరిచేవాళ్లు చాలామంది ఆరో అధ్యాయం దగ్గర ఆగుతారు. ధ్యానం గురించి చెప్పే ఆత్మసంయమ యోగం అదే. ఆసనం ఎలా వేసుకోవాలి, చూపు ఎక్కడ నిలపాలి అని చెబుతూ చెబుతూ, 16వ శ్లోకంలో కృష్ణుడు ఉన్నట్టుండి తిండి, నిద్రల మాట ఎత్తుతాడు. మితిమీరి తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదంటాడు. ఆ వెంటనే 17వ శ్లోకం:

యుక్తాహారవిహారస్య యుక్తచేష్టస్య కర్మసు
యుక్తస్వప్నావబోధస్య యోగో భవతి దుఃఖహా

తిండి, విహారం, చేసే పనులు, నిద్ర, మెలకువ యుక్తంగా ఉన్నవాడికి యోగం దుఃఖాన్ని పోగొడుతుందని దీని అర్థం. యుక్తం అంటే తక్కువ అని కాదు, తగినంత అని. ఒకరికి సరిపోయేది ఇంకొకరికి ఎక్కువ కావచ్చు. అందుకే కాబోలు, కృష్ణుడు కొలత చెప్పలేదు. శంకరాచార్యుల భాష్యంలో మాత్రం ఒక లెక్క కనిపిస్తుంది: కడుపును నాలుగు పాళ్లు అనుకుంటే సగం, అంటే రెండు పాళ్లు ఆహారానికి, మూడో పాలు నీటికి, నాలుగో పాలు గాలి ఆడటానికి. విహారం అంటే నడక అని కూడా ఆయన అర్థం చెప్పారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

చాలాకాలం నేను ఈ రెండు శ్లోకాలనూ గబగబా దాటేసేవాణ్ణి. పెద్దవాళ్లు ఇంట్లో రోజూ అనే మాటే కదా అని చులకన. రాత్రి పన్నెండు దాకా పని, ఆపైన ఫోను, మళ్లీ నాలుగున్నరకే లేచి జపం. గొప్ప సాధన అనుకునేవాణ్ణి. తీరా చూస్తే కూర్చున్నచోటే కునుకు, పగలంతా చిరాకు. ఎవరు ఏమన్నా గుచ్చుకునేది. వయోజనులకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు, నాకు అందులో సగం కూడా ఉండేది కాదు. దానికి తోడు సాయంత్రం కాఫీ. అందులోని కెఫీన్‌లో దాదాపు సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. 16వ శ్లోకంలో ‘జాగ్రతో నైవ’, మేలుకునే ఉండేవాడికీ యోగం కుదరదు అన్నది నన్నేనని తట్టడానికి ఏళ్లు పట్టింది. (నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లు డాక్టరును కలవడం కూడా యుక్తమే.)

పని మానేయమని మాత్రం శ్లోకం అనలేదు. యుద్ధభూమిలో నిలబడినవాడికి చెప్పిన మాట ఇది.

ఇంతా విన్నాక కూడా అర్జునుడు, మనసును పట్టడం గాలిని పట్టినంత కష్టమంటాడు. కృష్ణుడు విసుక్కోడు. ‘అసంశయం’, అందులో సందేహం లేదు అని ముందు ఒప్పుకుని, ఆ తర్వాతే అభ్యాసం, వైరాగ్యం అంటాడు.

ఇప్పుడు నేను ఆరింటికి లేస్తున్నాను. జపం సంఖ్య తగ్గింది. మాల మాత్రం చేతిలోంచి జారడం లేదు.