చెంఘిజ్ ఖాన్ మంచివాడా అని అడిగితే

మేముండే వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో మంగోలియా కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏడో తరగతి చదివే మా అబ్బాయి ప్రాణస్నేహితుడు ఆ పిల్లల్లో ఒకడు. మన ఇళ్ళలో వెంకన్న పటం ఉన్నట్టు వాళ్ళ హాల్లో చెంఘిజ్ ఖాన్ పటం ఉంటుంది. మాకు దగ్గరైన ఇంకో కుటుంబానిది ఇరాన్‌లోని నిషాపూర్. చెంఘిజ్ పేరెత్తితే చాలు, ఆ ఇంటి పెద్దావిడ ముఖం మారిపోతుంది. మావాడు రెండు ఇళ్ళలోనూ తిని తిరిగేవాడే. "ఇంతకీ ఆయన మంచోడా, చెడ్డోడా అమ్మా?" అన్నాడు.

ముందు తెముజిన్ చిన్నతనం చెప్పాను, చెంఘిజ్ ఖాన్ అసలు పేరు అదే. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రిని తాతార్ తెగవాళ్ళు విషం పెట్టి చంపారు. తెగవాళ్ళు వదిలేసి పోతే తల్లి హోయెలున్ అడవి దుంపలూ పళ్ళూ ఏరి పిల్లల్ని బతికించుకుంది. పిల్లల తల్లిని కదా, ఆమె దగ్గర నేను కాసేపు ఆగాను. కానీ అక్కడితో వదిలేస్తే మావాడికి ఆయన హీరో అయిపోతాడు. అందుకే అదే రాత్రి మిగతాదీ చెప్పాను. 1218లో మధ్య ఆసియాలోని ఒత్రార్ పట్టణపు అధికారి మంగోలుల వర్తక బిడారును చంపించాడు. ఆ పగతో మొదలైన దండయాత్రలో బుఖారా, సమర్‌ఖండ్ దోపిడీకి గురయ్యాయి. 1221లో నిషాపూర్ దగ్గర ఖాన్ అల్లుడు చనిపోయాడని ఆ ఊరి జనాన్ని ఊచకోత కోశారు. పాత చరిత్రకారులు రాసిన లక్షల లెక్కలు పెంచి రాసినవే కావచ్చు, ఊచకోత మాత్రం నిజం. ఆయన రాజ్యంలో కబుర్లు మోసిన తపాలా గుర్రాలూ మతసహనమూ గొప్పవే, అయినా అవి ఆ చావులను మాఫీ చెయ్యవని నా నమ్మకం.

"మరి వాళ్ళకెందుకంత ప్రేమ?" అన్నాడు. సోవియట్ నీడలో ఉన్నన్నాళ్ళూ మంగోలియాలో ఆ పేరును గర్వంగా చెప్పుకోనివ్వలేదు. 1962లో 800వ జయంతి ఉత్సవాలను వెనకేసుకొచ్చిన అక్కడి పాలక పార్టీ నాయకుడి పదవే పోయింది. 1990 తర్వాత ఆయన బొమ్మ నోట్ల మీదకొచ్చింది, ఉలాన్‌బాతర్ విమానాశ్రయానికి ఆ పేరు పెట్టారు, 2008లో 40 మీటర్ల విగ్రహం లేచింది. లాక్కున్నది తిరిగి దొరికితే గట్టిగా పట్టుకుంటారు. పరాయి గడ్డ మీద పిల్లలకు మనదేదో మిగల్చాలని టెన్షన్ పడే నాకు ఆ పట్టుదల బాగా తెలుసు.

"నా ఫ్రెండ్‌తో నిషాపూర్ సంగతి మాట్లాడొచ్చా?" అని చివరికి అడిగాడు. మాట్లాడమన్నాను, నిలదీయొద్దన్నాను. ఎనిమిది వందల ఏళ్ళ నాటి చావులకు పన్నెండేళ్ళ పిల్లాడు జవాబుదారీ కాదు. ఆ పెద్దావిడ దగ్గర మాత్రం తపాలా గుర్రాల గొప్పలు మొదలుపెట్టొద్దని, ముందు ఆవిడ చెప్పేది వినమని చెప్పాను.