కొలీన్ బాన్ రాయి దగ్గర

ఐర్లండ్‌లోని కిలార్నీ వెళ్ళేవాళ్ళు సరస్సుల కోసం వెళ్తారు. నన్ను లాక్కెళ్ళింది మూకీ సినిమాల పిచ్చి. డబ్లిన్‌లో రైలెక్కి, మాలో స్టేషన్లో రైలు మారి, కిలార్నీలో దిగేసరికి సన్నటి జల్లు.

ముందు బోఫర్ట్ చూశాం. లాన్ నది ఒడ్డున చిన్న పల్లె. న్యూయార్క్‌కి చెందిన కేలెం అనే సినిమా కంపెనీ 1910లో ఓడెక్కి ఐర్లండ్ వచ్చి 'ది లాడ్ ఫ్రం ఓల్డ్ ఐర్లండ్' తీసింది. ఒక అమెరికన్ కంపెనీ దేశం దాటి వచ్చి తీసిన మొదటి కథాచిత్రంగా దానికి పేరు. అమెరికా వలసపోయిన కుర్రాడు డబ్బు గడించి, సరిగ్గా ప్రియురాలి ఇల్లు ఖాళీ చేయించే వేళకి తిరిగొస్తాడు. దర్శకుడు సిడ్నీ ఓల్కాటే ఆ కుర్రాడు, కథ రాసిన జీన్ గాంటియరే నాయిక. ఓడ సీన్లు ప్రయాణంలోనే కానిచ్చేశారు. ఖర్చు తెలిసిన మనుషులు!

మరుసటేడు పెద్ద బృందంతో వచ్చి బోఫర్ట్‌లో మకాం వేశారు. గది లోపలి సీన్లకి కూడా ఆరుబయట చెక్కల వేదిక కట్టి, దానిమీద గోడలు నిలబెట్టి, ఎండ వెలుతురులోనే తీశారు. ఈ కెర్రీ జిల్లా వానల్లో ఎండ కోసం ఎన్ని పూటలు ఆకాశం చూస్తూ కూర్చున్నారో!

అప్పుడు తీసిందే మూడు రీళ్ళ 'కొలీన్ బాన్' (ఐరిష్‌లో 'తెల్లపిల్ల'). నిజంగా జరిగిన ఒక హత్య నుంచి పుట్టిన కథ. దాని కోసమే మక్రాస్ సరస్సులో పడవెక్కాం. పడవ నడిపే పెద్దాయన ఒక సున్నపురాయి గుట్ట చూపించి "అదుగో, ఆ పిల్లని తోసింది అక్కడే" అన్నాడు. కానీ అసలు హత్య ఇక్కడ జరగలేదు. రహస్యంగా పెళ్ళాడిన భర్త, 1819లో ఎలెన్ హాన్లీ అనే పేదపిల్లని నౌకరు చేత చంపించింది షానన్ నది మీద. 1860లో ఐరిష్ నాటకకర్త డయన్ బూసికో ఆ హత్య మీద 'కొలీన్ బాన్' నాటకం రాస్తూ కథని కిలార్నీకి తెచ్చేశాడు, పిల్లని కూడా బతికించాడు. రాయికి 'కొలీన్ బాన్' పేరు అలా స్థిరపడింది. ఓల్కాట్ బృందం సముద్రం దాటొచ్చి నాటకం చెప్పిన చోటునే 'అసలు చోటు'గా చూపించింది.

ఇదంతా చెబితే మా ఆవిడ, "ఎక్కడ చంపితేనేం, రాయి బాగుంది కదా, ఫోటో తియ్యండి" అంది.

నిజానికి కేలెం వాళ్ళ ధోరణీ అదే. ఇంటికొచ్చి ఆ సినిమా మళ్ళీ పెట్టుకుంటే, కథ మధ్యలో ఒక టైటిల్ కార్డు: ఈ సీనులోని మంచం డేనియల్ ఓకానెల్‌ది, ఆయన పడుకున్నదే అని. ఐర్లండ్ మహానాయకుడి మంచానికీ ఈ కథకీ ఏ సంబంధమూ లేదు!