డ్రాగ్ ట్రాక్ పట్టు కొలవడం: నా అనుభవం

డాలస్‌కు దక్షిణాన ఎనిస్ ఊళ్లో టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ ఉంది. 1986లో మొదలైన ఈ డ్రాగ్ రేసింగ్ (రెండు కార్లు పక్కపక్క లేన్లలో తిన్నగా దూసుకుపోయే పందెం) ట్రాక్ పావు మైలూ కాంక్రీటే. 1988లో రేసర్ ఎడ్డీ హిల్ ఆ దూరాన్ని తొలిసారి 5 సెకన్లలోపు దాటింది ఇక్కడే. అక్కడి పోటీలు చూసి పుట్టిన ఇష్టంతోనే మా దగ్గరలోని ఒక చిన్న ట్రాక్‌ను సిద్ధం చేసే బృందంలో చేరాను. పట్టు, అంటే నేల టైరును జారకుండా ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో కొలిచే పని నాకు అప్పగించారు.

పరికరం సాదాసీదాది. బరువైన పళ్లెం, దాని అడుగున రేసు టైరు నుంచి కోసిన రబ్బరు ముక్కలు, పైన టార్క్ రెంచ్ (తిప్పే బలం ఎంతో ముల్లుతో చూపే పానా). నేల మీద పెట్టి నిదానంగా తిప్పాలి. రబ్బరు కాసేపు మొరాయించి, ఉన్నట్టుండి జారుతుంది. జారే ముందు ముల్లు ఎంతదాకా వెళ్లిందో అదే రీడింగు. విసురుగా తిప్పినా, పట్టు కోసం ట్రాక్ మీద చల్లే జిగురు ముక్కలకు అంటినప్పుడు తుడవకపోయినా అంకెను నమ్మడానికి లేదు.

అసలు కష్టం ఆ అంకెను అర్థం చేసుకోవడంలో ఉంది. ఏ లేన్, బయలుదేరే గీత నుంచి ఎన్ని అడుగులు, నేల ఎంత వేడిగా ఉంది అన్నవి పక్కన రాసుకోకపోతే అది ఎందుకూ కొరగాదు. బూటు నేలకు అంటుకుంటే పట్టు బాగున్నట్టేనని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. మండుటెండలో నేల 140 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే చల్లిన జిగురు, పరిచిన రబ్బరు మెత్తబడతాయి. బూటు లాగితే చప్పుడు చేస్తూ ఊడి వస్తుంది, రెంచ్ మాత్రం సులువుగా జారిపోతుంది. టైరుకు కావలసింది అది తిరుగుతూ నేలను నెట్టే తోపుకు తెగకుండా నిలిచే పొర.

ఒక శనివారం ఎడమ లేన్‌లో బయలుదేరే చోట రీడింగు బాగుంది, 60 అడుగుల దగ్గర పడిపోయింది. వంగి చూస్తే అరచేయంత మేర రబ్బరు పొర లేచిపోయి బూడిదరంగు కాంక్రీటు కనిపించింది. కార్లు సరిగ్గా అక్కడే జారుతున్నాయి. అంచులు గీకి, జిగురు చల్లి, ఆరనిచ్చి, టైర్లు ఈడ్చే యంత్రంతో మళ్లీ రబ్బరు పరిచారు. తిరిగి కొలిస్తే కుడి లేన్‌తో సమానంగా వచ్చింది.

పట్టు మరీ ఎక్కువైనా ఇబ్బందే: టైరు తగినంత తిరగక కారు వణుకుతుంది. అందుకే రెండు లేన్ల రీడింగులూ ఉష్ణోగ్రతతో కలిపి డ్రైవర్లందరికీ కనిపించేలా బోర్డు మీద రాస్తాను. టైరు గాలి ఎంత ఉంచాలో, బయలుదేరేటప్పుడు ఇంజన్‌ను ఎంత వేగంతో తిప్పాలో వాళ్లు దాన్ని చూసే తేల్చుకుంటారు.