ట్యాంకు వెనక గోడ

శనివారం, సంక్రాంతి వెళ్లిన వారం. అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో బయట మైనస్ 6.

నా ఉప్పునీళ్ల ట్యాంకులో చేపలు, రొయ్యలు, పగడాలు ఉంటాయి. చేపలకి మేత వేద్దామని పొద్దున్నే బేస్‌మెంట్‌లోకి దిగాను. అప్పటికే అమ్మ ట్యాంకు పక్కన నిలబడి ముక్కు ఎగబీలుస్తోంది.

"ఏదో ముక్కిపోయిన వాసన వస్తోందిరా. నీ చేపలేమైనా చచ్చాయా?"

చేపలు బాగానే ఉన్నాయి. ట్యాంకు వెనక ఫోన్ లైటు వేసి చూస్తే తెలిసింది సంగతి. గోడ అడుగున, బయటి గోడలు రెండూ కలిసే మూల, ఆవగింజంత నల్ల చుక్కలు, బూజు. అక్కడక్కడ పెయింటు ఉబ్బి ఉంది. గ్లవ్ వేసుకుని గోకితే పొరలా ఊడొచ్చింది, లోపల డ్రైవాల్ (గోడకి కొట్టే జిప్సం పలక) కాగితం మెత్తగా తగిలింది. పక్కన పేర్చిన పాత పుస్తకాల అట్టపెట్టెల వెనక ఇంకా దట్టంగా ఉంది.

పైపు లీకేమో అని వెతికే పని లేదు. ఈ 75 గ్యాలన్ల ట్యాంకులోంచి చలికాలంలో రోజుకి దాదాపు 4 లీటర్లు ఆవిరైపోతాయి. ఉప్పు లోపలే ఉండి నీళ్లు మాత్రమే పోతాయి కాబట్టి, ఆ మేరకు ఆర్ఓ మంచినీళ్లు దానంతట అదే పోసుకునే ఏర్పాటు ఉంది. లవణీయత వెయ్యికి 35 పాళ్ల దగ్గర కదలకుండా ఉంటే పగడాలకి హాయి. ఆవిరైన నీళ్లకి మాత్రం ఆ గదే గతి. గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 62 శాతం చూపిస్తోంది, గది వేడి 21 డిగ్రీలు. ఆ లెక్కన 13 డిగ్రీలకి దిగిన గోడ ఏదైనా చెమర్చాల్సిందే. గాలి ఆడని ఆ మూల అంతకంటే చల్లగానే ఉంటుంది.

"కాస్త బ్లీచింగ్ పౌడర్ కొడితే పోతుంది కదరా," అంది అమ్మ. మా ఆవిడ అప్పటికే బాత్రూమ్ స్ప్రే పట్టుకుని మెట్లు దిగుతోంది. ఇద్దరినీ ఆపాను. ట్యాంకు నీళ్లలో మురికి తీసే స్కిమ్మర్ పని చేసేదే గదిలో గాలి పీల్చి బుడగలుగా నీళ్లలోకి కొట్టడం. గాలిలో ఏం కలిస్తే అదే రొయ్యలకీ పగడాలకీ అందుతుంది. పైగా 10 చదరపు అడుగుల లోపు బూజైతే మనమే తుడుచుకోవచ్చనీ, బ్లీచ్ మామూలుగా అక్కర్లేదనీ ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పేదే. అసలు పని తేమని తగ్గించడం, అది 60 శాతం దాటకూడదు. తేమ అలాగే ఉంచి పైన రంగు పూస్తే అది కూడా ఊడిపోతుంది.

స్కిమ్మర్ ఆపి, ట్యాంకు మీద దుప్పటి కప్పి, ఎన్95 మాస్క్ పెట్టుకుని కూర్చున్నాను. ఈలోగా అమ్మ నా నీలం బకెట్టు తీసుకుని అందులో గిన్నెల సబ్బు పిండబోతోంది.

"అమ్మా, అది ఉప్పునీళ్ల బకెట్టు! దానికి సబ్బు తగలకూడదు."

"మడి బకెట్టని ముందే చెప్పొచ్చుగా," అని ఎర్రది తెచ్చింది.

గోడ నానకుండా గుడ్డ గట్టిగా పిండి తుడిచి, ఫ్యాను పెట్టాను. మెత్తబడిన ముక్క కోసి మార్చాల్సిందే, దానికి మనిషిని పిలవాలి. అట్టపెట్టెలు చెత్తలోకి, పుస్తకాలు పైకి.

తర్వాత కిటికీ తీశాను. పండగ రోజు ఇంటినిండా చుట్టాలు, తలుపులన్నీ బిగించి ఉన్నాయి. ఆ రాత్రి ట్యాంకు నీళ్ల పీహెచ్ (ఆమ్లం పెరిగితే తగ్గే కొలత) 7.75కి పడిపోయింది. అంతమంది వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిస్తే అంతే. ఇవాళ కిటికీ తీశాక మధ్యాహ్నానికల్లా పీహెచ్ 8 దాటింది, తేమ 48కి దిగింది. గడ్డకట్టే చలిగాలిలో నీటి ఆవిరి తక్కువ, లోపలికొచ్చి వేడెక్కేసరికి పొడిగా తయారవుతుంది. ట్యాంకుకీ గోడకీ ఒకటే మందు, చలికాలంలో మటుకు. జులైలో కిటికీ తీస్తే బయటి ఉక్కంతా లోపలికే. ట్యాంకుకి గాజుమూత పెట్టమంటారు కొందరు. నాకది నచ్చదు, వేడీ పోదు, గాలీ ఆడదు.

ఫర్నేస్ ఆగకుండా తిరుగుతోంది. "గ్యాస్ బిల్లు మీ పగడాలే కడతాయా?" అని మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. చివరికి గాలిలో తేమ లాగేసే మిషన్, డీహ్యూమిడిఫైయర్, కొనడం ఖాయమైంది.

"ఇదంతా వైజాగ్‌లో పెట్టుకుంటే సముద్రం నీళ్లే తెచ్చుకోవచ్చు కదరా?" అంది అమ్మ. నీళ్లు దొరికినా పగడాలకి అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు, రాతి పగడాలు గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జాబితాలో ఉన్నాయి. నా దగ్గరున్నవి ఇక్కడ ట్యాంకుల్లోనే పెంచిన ముక్కలు.

భోజనాల దగ్గర ఇంకో సందేహం: "ఆ మిషన్లో పడే నీళ్లు మళ్లీ తొట్లోనే పోసెయ్యొచ్చుగా, దండగెందుకు?"

కుదరదన్నాను. రాగి గొట్టాల చుట్టల మీంచి కారే నీళ్లవి, రాగి కొంచెం కలిసినా రొయ్యలు బతకవు.

"అయితే బాత్రూమ్ కడగడానికి ఉంచు," అని పప్పు వడ్డించింది.