పాత ఎస్‌యూవీ కొనాలా, ఇంకాస్త వేసి కొత్తదే తెచ్చుకోవాలా?

ఇంట్లో అందరిదీ ఒకటే మాట, కాస్త ఎత్తుగా ఉండే బండి కావాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వంగి కూర్చోవాల్సిన కారైతే ఎక్కనే ఎక్కదు. మన తిరుగుడంతా హైదరాబాద్‌లోనే, అప్పుడప్పుడు ఊరు. లోను లేకుండా పెట్టగలిగింది ఏడు, మహా అయితే ఏడుంపావు లక్షలు. అందుకే సెకండ్ హ్యాండ్ వైపు చూస్తున్నా.

అసలు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ లెక్కే మారిపోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి పెట్రోల్‌కు 29, డీజిల్‌కు 31 శాతం ఉండేది. నెక్సాన్, వెన్యూ ఇందులోకి వస్తాయి. బ్రెజా రాదు, దాని ఇంజిన్ 1462 సీసీ కాబట్టి 40 శాతమే. కొత్త బండి రేటు తగ్గితే రెండేళ్ల బండి రేటూ తగ్గాలి కదా, కానీ అమ్మేవాళ్లు మాత్రం ఆ రోజు తాము పోసిన డబ్బునే తలుచుకుంటూ కూర్చున్నారు. ఒకాయన 2023 నెక్సాన్‌కి చెప్పిన రేటుకీ షోరూమ్ కొటేషన్‌కీ తేడా లక్షన్నర కూడా లేదు! అలాంటప్పుడు కొత్తదే నయం. పాతది కొంటే నాలుగైదేళ్లు దాటినదే కొనాలి, లేకపోతే దండగ.

డీజిల్ జోలికి పోదలుచుకోలేదు. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, హైవే మీద కాసేపు లాగితేనే ఆ మసి కాలేది, మనలా సిగ్నళ్ల మధ్య ఈడిస్తే ఫిల్టర్ నిండిపోయి హెచ్చరిక లైటు వెలుగుతుంది.

పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఏపీ 39 నంబరు బ్రెజా ఉంది, తళతళా మెరుస్తోంది, నేను బేరం మొదలెట్టకముందే అతనే రేటు తగ్గించాడు. అప్పుడే అనుమానం వచ్చింది. వెనక సీటు బెల్టు చివరిదాకా లాగితే ఆఖరి జానెడు రంగు వేరే, అంచు కుట్టులో ఎండిన ఒండ్రు. "సర్వీసింగ్‌లో తడిసింది సార్" అన్నాడు. సర్వీసింగ్‌లో ఒండ్రు ఎక్కడిదయ్యా! అది ఎక్కడ మునిగిందో గానీ, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ... నీళ్లలో నానిన బండ్లు ఎక్కడికీ పోవు, పాలిష్ కొట్టించుకుని మళ్లీ మార్కెట్‌కే వస్తాయి. పైగా ఏపీ బండిని తెలంగాణకు మార్చాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆ తక్కువ రేటు కాస్తా అక్కడే హరీ.

ఇప్పుడు మనసు పడింది ఒక 2021 పెట్రోల్ బ్రెజా మీద. ఫస్ట్ ఓనర్, టీఎస్ నంబరు. మీటరు 38 వేలు చూపిస్తోంది. టైర్ల మీద 4720 అని ఉంది, అంటే 2020లో 47వ వారం తయారీ, బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయి, బాగా తిరిగిన బండైతే అవి ఈపాటికి అరిగి మార్చేసేవాళ్లు కాబట్టి మీటరు తిప్పలేదని కొంచెం ధైర్యం. అయితే ఇంత పాత టైర్లతో అమ్మను హైవే ఎక్కించలేను, నాలుగూ మార్చాల్సిందే, ఆ ఖర్చు ఆయన రేటులోంచే కొట్టేయాలి.

చిక్కల్లా ఒకటే, లోను తీరిపోయిందంటాడు గానీ ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ఆ పేరు తీయించాకే బండి నా పేరు మీదికి మార్చే ఫారాలు 29, 30 మీద సంతకాలు, అంతవరకు అడ్వాన్సు రూపాయి కూడా ఇవ్వనన్నాను. ఆయన ఏడున్నర దగ్గర ఉన్నాడు, నేను ఆరు ఎనభై దగ్గర ఉన్నాను.