ఎడమ చేతిలోని నాణెం

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగే నాటికి నేను ఒక చిత్రం చూసి ఇంకా తేరుకోలేదు. అమెరికన్ ఐంద్రజాలికుడు డెరెక్ డెల్‌గాడియో న్యూయార్క్‌లోని డారిల్ రాత్ థియేటర్‌లో 2017, 2018 సంవత్సరాల్లో 552 సార్లు ఇచ్చిన ‘ఇన్ అండ్ ఆఫ్ ఇట్‌సెల్ఫ్’ ప్రదర్శనను చిత్రీకరించి 2021లో విడుదల చేశారు. వేదిక మీదా, తెర మీదా దర్శకుడు ఫ్రాంక్ ఆజ్. ఆ చిత్రం నడుస్తున్నంతసేపూ నా కళ్ల ముందు ఉన్నది మన తొమ్మిదో తరగతి గది, బల్ల అంచున కూర్చున్న తెలుగు మాస్టారు.

పాఠం ముందుగా ముగిసిన రోజుల్లో మాస్టారు జేబులోంచి ఒక నాణెం తీసేవారు. దాన్ని వేళ్ల మీద దొర్లిస్తూ, చిన్నప్పుడు ఇల్లు విడిచి వెళ్లిన తమ అన్నయ్య గురించి చెప్పేవారు. వెళ్లే రోజున అన్నయ్య తమ్ముడి అరచేతిలో నాణెం పెట్టి, వేళ్లు మూసి, ‘నేను వచ్చేదాకా తెరవకు’ అన్నాడట. ఆ మాట దగ్గర మాస్టారు కుడి చేతిని గుప్పిట పట్టి మన ముందుకు చాచేవారు. తెరిస్తే ఏమీ ఉండేది కాదు. తరగతి మొత్తం ఊపిరి బిగబట్టేది.

నేను కిటికీ పక్కన, మొదటి బల్లలో కూర్చునేవాణ్ణి. మూడోసారి చూసినప్పుడు నాకు దొరికింది. నాణెం కుడి చేతిలోకి అసలు వెళ్లలేదు. ఎడమ అరచేతి మడతలోనే ఉండిపోయింది. ‘ఎడమ చేతిలో ఉంది!’ అని అరిచాను. మాస్టారు కోప్పడలేదు. ఎడమ చెయ్యి తెరిచి నాణెం చూపించి, ‘చెయ్యి బాగా చూశావు నాన్నా. కథ విన్నావా?’ అన్నారు. అంతలో గంట కొట్టారు. ఆయన మళ్లీ ఆ నాణెం తీయలేదు.

డెల్‌గాడియో చిత్రాన్ని కూడా మొదట నేను అదే కళ్లతో చూశాను. లోపలికి వస్తున్న ప్రేక్షకులు గోడకు తగిలించిన వందల కార్డుల్లోంచి తమకు తగినది ఒకటి ఎంచుకుంటారు. ప్రతి కార్డు మీదా ‘నేను’ అనే మాట, దాని కింద ఒక వృత్తో, బంధుత్వమో, స్వభావమో. వాటిని ఎక్కడ చేరవేస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అని వెతుకుతూ కూర్చున్నాను. పైగా ఇది తెర. కెమెరా ఎక్కడ ఆగింది, ఎక్కడ కత్తిరించారు అనే అనుమానం చిత్రీకరించిన ఇంద్రజాలానికి ఎప్పుడూ తప్పదు.

తర్వాత అతను తన తల్లి గురించి చెప్పాడు. ఆమె స్త్రీలను ప్రేమించే మనిషి. ఆ సంగతి చుట్టుపక్కల వారికి తెలిశాక ఒకనాడు వాళ్ల ఇంటి కిటికీలోంచి ఇటుక వచ్చి పడింది. ఈ కథ చెప్పే మనిషి ముందు బంగారు రంగు ఇటుక ఒకటి ఉంది. దాని చుట్టూ పేకముక్కలతో ఇల్లు కట్టి, కూల్చేసరికి ఇటుక లేదు. అది నగరంలో ప్రేక్షకులు అప్పటికప్పుడు చెప్పిన వీధుల కూడలికి చేరిందట! ఎలా చేశాడని నేను ఆలోచించలేదు. చిన్న పిల్లవాడి ఇంట్లో పగిలిన ఆ కిటికీ అద్దమే కళ్లలో నిలిచింది. మన భాషలో దీన్ని కనికట్టు అంటాం. నా విషయంలో మాత్రం ఆ రాత్రి కట్లు విప్పినట్టయింది.

మరో ఘట్టంలో ప్రేక్షకుల్లోని ఒకరి చేతికి ఒక ఉత్తరం అందుతుంది. విప్పి చూస్తే తమకు ఎంతో దగ్గరి మనిషి రాసినది. చదువుతున్నవారు ఏడుస్తుంటే సభ అంతా నిశ్శబ్దం. చివర, నిజంగా తమదే అనుకున్న కార్డు తీసినవారిని లేచి నిలబడమంటాడు. ఒక్కొక్కరి కళ్లలోకి చూసి వాళ్లు ఎంచుకున్న మాట చెబుతూ వెళ్తాడు. అక్కడ చిత్రం వేర్వేరు రాత్రుల ముఖాలను వరసగా కలుపుతుంది. నేను అనుమానించిన ఆ కత్తిరింపే అక్కడ గొప్ప పని చేసింది. ఒక్క ప్రదర్శనకు వెళ్లినవారు చూడలేనన్ని ముఖాలు, తమను ఎవరో గుర్తించారని వెలిగినవి, చెదిరినవి, ఒకేసారి చూశాం.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ నాణెం కదలిక మాత్రం నాకు ఇప్పటికీ వచ్చు, మా పిల్లలకు చేసి చూపిస్తాను. మొన్న మా చిన్నది అడిగింది: ‘మరి ఆ అన్నయ్య తిరిగి వచ్చాడా?’

నాకు తెలియదు. కథ చెబుతున్నప్పుడు నేను ఎడమ చెయ్యి చూస్తూ ఉండిపోయాను. నా అరుపుతో కథ ఆగకముందు, మొదటి రెండుసార్లు మాస్టారు దాన్ని చివరిదాకా చెప్పారు. వెనక బల్లల్లో కూర్చుని విన్నవారు మీలో చాలామంది ఉన్నారు. ఎవరికైనా గుర్తుంటే, ఈసారి కలిసినప్పుడు నన్ను పక్కకు పిలిచి చెప్పండి.